మైలుతుత్తం కాలిస్తే నీలం ఎక్కడికి పోయింది?

నిమ్మతోట_పిల్ల (ఆదివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. మాది గూడూరు దగ్గర ఒక పల్లె, నిమ్మతోట ఉంది. బంకకారు తెగులుకి నాన్న బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం నీళ్ళలో కలిపే మందు) కలుపుతుంటే నాలుగు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పలుకులు అడిగి తెచ్చుకుని, పాత రేకు మూత మీద వేసి పొయ్యి మీద పెట్టాను. చిటపటలాడి, ఆవిరి వచ్చి, కాసేపటికి తెల్లపొడి అయిపోయింది. చల్లారాక ఒక్క నీటిచుక్క వేశా. మళ్ళీ నీలం! పైగా మూత చురుక్కుమంది.

కాలేజీలో అడిగితే "డి-డి పరివర్తన, రెండు మార్కులు, రాసుకో" అన్నారు. రాసుకున్నా. కానీ నాకు ఎక్కలేదు. రాగి తెల్లపొడిలోనూ ఉంది, నీలం పలుకులోనూ ఉంది. నీళ్ళకేమో రంగే లేదు. మరి ఆ నీలం ఎవరిది?

జెఈఈ_రెండోసారి (ఆదివారం, రాత్రి 9:30)

చెల్లీ, ఇందులో టెన్షన్ పడేదేం లేదు. రాగి 2+ అంటే 3డి9, అంటే డి ఆర్బిటాళ్ళలో (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లలో) తొమ్మిది ఎలక్ట్రాన్లు. డి ఎలక్ట్రాన్ పైకెగిరితే రంగు. స్కాండియం 3+ డి0, జింక్ 2+ డి10, రెంటికీ రంగు ఉండదు. రంగు ఉందంటే డి ఎలక్ట్రాన్లు ఉన్నట్టే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఎగ్జామ్‌లో బిట్లన్నీ కొట్టేయొచ్చు.

పాతల్యాబ్ (ఆదివారం, రాత్రి 10:05)

బిట్లు కొడతావు నాయనా, కానీ అమ్మాయి అడిగింది అది కాదు. తెల్లపొడిలో కూడా రాగి డి9 గానే ఉంది. నీ లెక్క ప్రకారం అదీ నీలంగా ఉండాలిగా?

అమ్మాయీ, ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఇదే చెప్పాను, ఇంత శుభ్రంగా అడిగినవాళ్ళు తక్కువ. నెమ్మదిగా చదువు.

మైలుతుత్తం పలుకు పొడిగా కనిపిస్తుంది గానీ, దాని బరువులో 36 శాతం నీళ్ళే. ఒక్కో కాపర్ సల్ఫేట్‌కి ఐదు నీటి అణువులు. ఈ ఐదూ ఒకే హోదాలో లేవు. నాలుగు రాగి చుట్టూ చదరంగా కూర్చుని ఉంటాయి. ప్రతి నీటి అణువులో ఆక్సిజన్ దగ్గర ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ జంట ఉంటుంది కదా, దాన్ని రాగి వైపు చాస్తుంది. రాగి దగ్గర ఖాళీ ఉంది, తీసుకుంటుంది. ఇద్దరూ చెరొకటి వేసుకున్న బంధం కాదు ఇది, ఒకరే రెండూ ఇచ్చిన బంధం. ఇలా ఇచ్చేవాళ్ళని లైగాండ్లు అంటాం. ఎన్ని చోట్ల నుంచి అందుతోందో అది సమన్వయ సంఖ్య. ఆ చదరానికి పైన ఒకటి, కింద ఒకటి సల్ఫేట్ ఆక్సిజన్లు కొంచెం ఎడంగా ఉంటాయి. అంటే మొత్తం ఆరుగురు, కాస్త సాగదీసిన అష్టముఖి.

ఐదో నీటి అణువు రాగిని తాకను కూడా తాకదు. సల్ఫేట్‌నీ మిగతా నీళ్ళనీ హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని మధ్యలో వేలాడుతుంది. అందుకే కాలిస్తే నీళ్ళన్నీ ఒకేసారి పోవు. నూరు డిగ్రీల చుట్టుపక్కల నాలుగు పోతాయి, ఆ చివరిది పోవాలంటే 200 డిగ్రీల దాకా వెళ్ళాలి.

నువ్వు చుక్క వేసినప్పుడు మూత చురుక్కుమన్నది ఆ బంధాలు మళ్ళీ పడ్డందువల్లే.

కాబట్టి నీలం రాగిది కాదు, నీళ్ళది కాదు. రాగి చుట్టూ నీళ్ళు అలా కూర్చున్నాయి చూడు, ఆ కూర్పుది.

శీనుగాడి_కెమిస్ట్రీ (ఆదివారం, రాత్రి 10:21)

సార్‌కి నమస్కారం. జెఈఈ తమ్ముడికి ఒక్క ప్రశ్న. పర్మాంగనేట్‌లో మాంగనీస్ +7. డి ఎలక్ట్రాన్లు ఎన్ని?

జెఈఈ_రెండోసారి (ఆదివారం, రాత్రి 10:24)

సున్నా.

అయ్యో.

శీనుగాడి_కెమిస్ట్రీ (ఆదివారం, రాత్రి 10:33)

అదీ సంగతి. బకెట్ నీళ్ళలో నాలుగు పలుకులు వేస్తే చాలు, ఊదారంగు అంతా పాకేస్తుంది. అక్కడ ఎగిరే ఎలక్ట్రాన్ మాంగనీస్‌ది కాదు, ఆక్సిజన్‌ది. ఆక్సిజన్ నుంచి మాంగనీస్ మీదకు దూకుతుంది. దీన్ని ఆవేశ బదిలీ అంటారు. డైక్రోమేట్ నారింజరంగు కూడా ఇదే బాపతు. డి-డి రంగులు నిజానికి పలచన. మైలుతుత్తం ద్రావణం ఎంత లేతగా ఉంటుందో, పర్మాంగనేట్ ఎంత గాఢంగా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నిమ్మతోట_పిల్ల (సోమవారం, ఉదయం 6:02)

పాతల్యాబ్ సార్, చాలా థాంక్స్. కూర్పు వల్ల రంగు అన్నారు, సరే. కానీ నీళ్ళు చుట్టూ చేరితే రాగి లోపల ఏం మారుతుంది? పుస్తకంలో ఐదు డి ఆర్బిటాళ్ళు "విడిపోతాయి" అని ఉంది. ఎందుకు విడిపోవాలి?

పాతల్యాబ్ (సోమవారం, ఉదయం 7:40)

మీ ఊళ్ళో ఇల్లు కట్టేవాళ్ళు వీధిపోటు చూస్తారా? వీధి తిన్నగా వచ్చి గుమ్మానికి తగిలితే పోటు అంటారు, పక్కనుంచి పోతే ఫర్వాలేదంటారు. నాకు వాస్తు మీద నమ్మకం లేదు గానీ ఈ పాఠానికి మాత్రం అంతకన్నా మంచి పోలిక దొరకలేదు.

లోహ అయాన్ ఒంటరిగా ఉన్నప్పుడు ఐదు డి ఆర్బిటాళ్ళకీ ఒకటే శక్తి. ఇప్పుడు ఆరు లైగాండ్లు ఆరు వైపుల నుంచి వస్తున్నాయి: ఎడమ, కుడి, ముందు, వెనక, పైన, కింద. అంటే అక్షాల వెంబడి. ఐదింటిలో రెండు ఆర్బిటాళ్ళ తమ్మెలు (ఎలక్ట్రాన్ ఎక్కువగా తిరిగే ఉబ్బులు) సరిగ్గా ఆ అక్షాల మీదే ఉన్నాయి. వాటికి వీధిపోటు. లైగాండ్ ఎలక్ట్రాన్లు ఎదురుగా వచ్చి నెడతాయి కాబట్టి వాటి శక్తి పెరుగుతుంది. మిగతా మూడింటి తమ్మెలు అక్షాల మధ్య సందుల్లో ఉన్నాయి, వాటికి పోటు తక్కువ. పైన ఇద్దరు, కింద ముగ్గురు. మధ్యలో ఉన్న ఆ ఎడమే డెల్టా. 1929లో హాన్స్ బెతే అనే భౌతికశాస్త్రవేత్త లెక్కకట్టిన స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం ఇదే.

ఎడం ఎంతుందో అంత శక్తి ఉన్న కాంతిని ఎలక్ట్రాన్ మింగి పైకెక్కుతుంది. మింగగా మిగిలిన కాంతి మన కంటికి వస్తుంది. అన్నిటికన్నా తేలికైనది టైటానియం 3+, ఒక్కటే డి ఎలక్ట్రాన్. చుట్టూ ఆరు నీళ్ళు ఉన్నప్పుడు 500 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చని మింగేస్తుంది. ఎరుపు, నీలం మిగులుతాయి, ఊదాగా కనిపిస్తుంది. నీ రాగి ద్రావణం ఎరుపు వైపున, ఎరుపు దాటి కూడా మింగుతుంది. అందుకే నీలం.

తెల్లపొడిలో ఏమైంది? నీళ్ళు పోయాక రాగి చుట్టూ సల్ఫేట్ ఆక్సిజన్లే మిగిలాయి. వాటి నెట్టుడు బలహీనం. ఎడం తగ్గిపోయి, మింగే కాంతి కంటికి కనపడని పరారుణంలోకి జారిపోయింది. రాగి ఇప్పటికీ కాంతి మింగుతూనే ఉంది, నీ కంటికి తెలియడం లేదంతే.

శీనుగాడి_కెమిస్ట్రీ (సోమవారం, ఉదయం 8:15)

ఇది అందరూ రెండుసార్లు చదవండి. "లైగాండ్లు పోతే విడిపోవడం ఉండదు, అందుకే రంగు పోతుంది" అని కొన్ని గైడ్లలో రాసేస్తారు. ఘనపదార్థంలో లోహ అయాన్ ఏనాడూ ఒంటరిగా ఉండదు, ఎవరో ఒకరు చుట్టూ ఉండాల్సిందే. నీళ్ళు లేని టైటానియం ట్రైక్లోరైడ్ కూడా ఊదారంగే. నీళ్ళు లేవు, రంగు ఉంది. క్లోరైడ్లు చుట్టుముట్టి ఉన్నాయి మరి.

ఫార్మా_నైట్‌షిఫ్ట్ (సోమవారం, ఉదయం 9:50)

డ్యూటీ దిగి వచ్చి చదువుతున్నా, నిద్ర పోయింది.

మా ల్యాబ్ డెసికేటర్‌లో (తేమ తగలకుండా వస్తువులు దాచే పాత్రలో) నీలం సిలికా జెల్ ఉంటుంది. తేమ పీల్చగానే గులాబీ అవుతుంది, ఓవెన్‌లో పెడితే మళ్ళీ నీలం. అందులో ఉండేది కోబాల్ట్ క్లోరైడ్. నీళ్ళు ఆరు చేరితే గులాబీ అష్టముఖి, నీళ్ళు పోయి క్లోరైడ్లు నాలుగు చుట్టూ చేరితే నీలం చతుర్ముఖి. ఇక్కడ లైగాండ్ మారడంతో పాటు ఆకారమూ మారింది. నీలం ఎందుకంత గాఢంగా ఉంటుందో గమనించారా? చతుర్ముఖికి సౌష్ఠవ కేంద్రం లేదు (అంటే ఒక మూలకి సరిగ్గా ఎదురుగా ఇంకో మూల ఉండదు), అందువల్ల డి-డి ఎగురుడికి ఆంక్షలు సడలుతాయి. గులాబీ మాత్రం వెలిసిపోయిన చీరలా ఉంటుంది.

కోబాల్ట్ ఉప్పు ఒంటికి మంచిది కాదని ఇప్పుడు నారింజరంగు జెల్ కూడా వాడుతున్నారు, అందులో కోబాల్ట్ ఉండదు.

చరిత్ర_పిచ్చి (సోమవారం, మధ్యాహ్నం 1:18)

కోబాల్ట్ పేరెత్తారు, నన్నిక ఆపలేరు.

లోహాల చుట్టూ లైగాండ్లు చేరే ఈ శాస్త్రం పుట్టిందే కోబాల్ట్, అమ్మోనియా, క్లోరైడ్‌ల తగాదాలోంచి. పందొమ్మిదో శతాబ్దంలో రసాయనవేత్తల దగ్గర ఒక వింత కుటుంబం ఉండేది. కోబాల్ట్ ట్రైక్లోరైడ్‌కి ఆరు అమ్మోనియాలు చేరితే పసుపు. ఐదైతే ఎర్రటి ఊదా. నాలుగైతే ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి వంకాయరంగు. కోబాల్ట్ వేలన్సీ మూడు, అది మూడు క్లోరిన్లతోనే తీరిపోయింది. ఇక ఈ అమ్మోనియాలు దేన్ని పట్టుకుని ఉన్నట్టు? కోపెన్‌హాగన్‌లో యోర్గెన్‌సెన్ గొలుసులు వేశాడు: అమ్మోనియాలు ఒకదాని వెనక ఒకటి చేతులు పట్టుకుని నిలబడ్డాయని.

1893లో జ్యూరిచ్‌లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ అనే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు వేరే మాట చెప్పాడు. లోహానికి రెండు రకాల వేలన్సీలున్నాయి. ఒకటి ఆవేశాన్ని తీర్చేది, రెండోది చుట్టూ చోటు నింపేది. కోబాల్ట్‌కి ఆ రెండోది ఆరు. ఆరు కుర్చీలు ఎప్పుడూ నిండాలి. అమ్మోనియా తక్కువైతే క్లోరిన్ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది, రెండు పనులూ తానే చేస్తుంది.

దీన్ని పరీక్షించడం మన ఇంటర్ ల్యాబ్‌లో చేసే పనే. సిల్వర్ నైట్రేట్ పోయడం. బయట తిరిగే క్లోరైడే తెల్లని అవక్షేపం ఇస్తుంది, కుర్చీలో కూర్చున్నది ఇవ్వదు. ఆరు అమ్మోనియాల దానిలో మూడు క్లోరైడ్లూ అవక్షేపం అయ్యాయి. ఐదు ఉన్నదానిలో రెండే. నాలుగు ఉన్నదానిలో ఒక్కటే.

ఆకారం అష్టముఖి అని ఎలా తెలిసింది? ఎక్స్-రేలు లేవు. లెక్క మీద తేల్చాడు. నాలుగు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు ఉంటే, ఆరు మూలల చదునైన షడ్భుజిలో మూడు రకాలుగా అమర్చొచ్చు. త్రిభుజ పట్టకంలోనూ మూడే. అష్టముఖిలో రెండే: క్లోరిన్లు పక్కపక్కన, లేదా ఎదురెదురుగా. ఎంత వెతికినా రెండుకి మించి దొరకలేదు. 1907లో ఆ వంకాయరంగు క్లోరైడ్‌ని తయారుచేసి చూపించాక యోర్గెన్‌సెన్ ఓటమి ఒప్పుకున్నాడు. 1913లో వెర్నర్‌కి నోబెల్.

నాకు నచ్చేది ఆ తర్వాత కథ. 1911లో ఒకదానికొకటి అద్దంలో బింబంలా ఉండే కుడిచేతి, ఎడమచేతి రూపాలను వేరుచేశాడు. "వాటిలో కార్బన్ ఉంది కదా, చేతివాటం దానివల్లే" అని అనుమానించారు. 1914లో కార్బన్ ముక్క కూడా లేని కోబాల్ట్ సమ్మేళనంలో అదే చేసి చూపించాడు. పంతం అంటే అదీ.

నిమ్మతోట_పిల్ల (సోమవారం, సాయంత్రం 6:30)

ఆరు కుర్చీలు! ఇది మా కాలేజీలో చెప్పి ఉంటే ఎంత బావుండేది. పుస్తకంలో ఫార్ములా రాసేటప్పుడు పెద్ద బ్రాకెట్ లోపల ఉన్నవి కుర్చీలో ఉన్నవి, బయట ఉన్నవి తిరిగేవి, అంతేనా?

చరిత్ర_పిచ్చి (సోమవారం, సాయంత్రం 6:34)

అంతే.

వరిరైతు_కోదాడ (సోమవారం, రాత్రి 8:10)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మీరు లైగాండ్ అంటుంటే గుర్తొచ్చింది. మందుల షాపులో ఈడీటీఏ జింకు అని అమ్ముతున్నారు, మామూలు జింక్ సల్ఫేట్ కన్నా బాగా ఖరీదు. జింకు శాతం చూస్తే అందులో 12, దీంట్లో 21. తక్కువ ఉన్నదానికి ఎక్కువ డబ్బెందుకు పెట్టాలి?

జెఈఈ_రెండోసారి (సోమవారం, రాత్రి 8:22)

అన్నా, జింక్ అసలు పరివర్తన మూలకమే కాదు. పరమాణువులోనూ డి10, అయాన్‌లోనూ డి10. డి ఉపకర్పరం పూర్తిగా నిండకుండా ఉండాలి, అప్పుడే పరివర్తన మూలకం.

పాతల్యాబ్ (సోమవారం, రాత్రి 9:00)

పరివర్తన మూలకం కాదన్నది నిజమే. కానీ సంక్లిష్టాలు (చుట్టూ లైగాండ్లు చేరిన కూర్పులు) చేయడానికి ఆ అర్హత అక్కర్లేదు. కాల్షియం, మెగ్నీషియం కూడా చేస్తాయి. ఆకుపచ్చ ఆకులో క్లోరోఫిల్ మధ్యన ఉన్నది మెగ్నీషియమే కదా.

కోదాడ అన్నా, సంగతి ఇది. అమ్మోనియా ఒక చేత్తో పట్టుకునే లైగాండ్. ఇథిలీన్ డైఎమీన్‌కి రెండు చేతులు. ఈడీటీఏకి ఆరు. ఎండ్రకాయలా చుట్టూ పట్టేస్తుంది. ఎండ్రకాయ డెక్కకి గ్రీకులో ఉన్న మాట నుంచే కీలేట్ అనే పేరు వచ్చింది. ఎన్ని చేతులుంటే అంత గట్టి పట్టు. నికెల్‌కి ఆరు అమ్మోనియాలు పట్టుకుంటే స్థిరత్వ స్థిరాంకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) సుమారు 10కి 8.6వ ఘాతం. అదే నైట్రోజన్, అదే ఆరు బంధాలు, కానీ రెండు చేతులవి మూడు పట్టుకుంటే 10కి 18 దాటుతుంది. ఒక చెయ్యి జారినా రెండోది వదలదు. పైగా ఆరు చిన్న అణువులు విడుదలై మూడు పెద్దవి చేరితే ద్రావణంలో అస్తవ్యస్తత పెరుగుతుంది, ప్రకృతికి అదే ఇష్టం.

సున్నపు నేలలో, చవుడులో మామూలు జింక్ అయాన్ కార్బొనేట్‌గానో హైడ్రాక్సైడ్‌గానో అవక్షేపమైపోతుంది, వేరుకి అందదు. ఈడీటీఏ పట్టుకున్న జింకు అలా పడిపోకుండా నీళ్ళలోనే ఉంటుంది. నీ నేల మంచిదైతే దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేసుకో, పైరు మీద లోపం కనిపిస్తే లీటరుకి 2 గ్రాములు కలిపి కొట్టు. ఖరీదైనది అక్కర్లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోకు, జింక్ సల్ఫేట్‌ని డీఏపీతో కలిపి వెయ్యొద్దు. ఫాస్ఫేట్‌తో కలిసి గడ్డకడుతుంది, రెండూ దండగ. భూసార పరీక్ష చేయించి ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని) కూడా అడుగు, నా మాట ఒక్కటే పట్టుకోకు.

వరిరైతు_కోదాడ (సోమవారం, రాత్రి 9:14)

ఎండ్రకాయ అంటే అర్థమైంది సార్. పొలం గట్లకి బొక్కలు పెట్టేది అదే కదా.

ఫార్మా_నైట్‌షిఫ్ట్ (మంగళవారం, ఉదయం 10:05)

ఎదురెదురు, పక్కపక్క సంగతి ఉత్త పుస్తకాల గొడవ కాదని చెప్పాలి. సిస్‌ప్లాటిన్ విన్నారా? మధ్యలో ప్లాటినం, రెండు అమ్మోనియాలు, రెండు క్లోరిన్లు, చదునైన చతురస్రం. క్లోరిన్లు పక్కపక్కన ఉంటే అది క్యాన్సర్ మందు. ఎదురెదురుగా ఉంటే మందుగా పనికిరాదు. అవే పరమాణువులు, అంతే బరువు.

కనిపెట్టడం కూడా పొరపాటున. 1960ల్లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావం చూద్దామని ప్లాటినం ఎలక్ట్రోడులు పెట్టాడు. బ్యాక్టీరియా విడిపోవడం మానేసి దారాల్లా సాగిపోయాయి. విద్యుత్తు వల్ల కాదు, ఎలక్ట్రోడు నుంచి కరిగిన ప్లాటినం అమ్మోనియా, క్లోరైడ్లతో కలిసినందువల్ల. ఆ ఫలితం 1965లో అచ్చయింది, 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. ఆ సమ్మేళనాన్ని మాత్రం పేరోన్ అనే ఇటాలియన్ పందొమ్మిదో శతాబ్దం నడిమిలోనే తయారుచేసి పెట్టాడు.

మా పిన్నికి ఈ మందు ఎక్కించారు. బాటిల్ మీద పేరు చదివినప్పుడు మాత్రం వెర్నర్ గుర్తుకు రాలేదు లెండి.

శీనుగాడి_కెమిస్ట్రీ (మంగళవారం, మధ్యాహ్నం 12:40)

పిన్నిగారు ఇప్పుడెలా ఉన్నారు?

ఫార్మా_నైట్‌షిఫ్ట్ (మంగళవారం, మధ్యాహ్నం 12:52)

నాలుగేళ్ళయింది, బావున్నారు. చెవులు కొంచెం వినపడవు, ఆ మందుకి అదొక చెడ్డగుణం.

జెఈఈ_రెండోసారి (మంగళవారం, రాత్రి 7:45)

సార్, నాకూ ఒక డౌట్. ఎడం పెద్దదైతే ఎలక్ట్రాన్లు కిందే జతకడతాయి, చిన్నదైతే విడివిడిగా పైకి ఎక్కుతాయి అని చదివా. విడివిడిగా ఉంటే అధిక స్పిన్, జతకడితే అల్ప స్పిన్. ఫార్ములా వేసి మాగ్నెటిక్ మూమెంట్ (అయస్కాంత గుణం ఎంతో చెప్పే సంఖ్య) తీసేస్తా. కానీ నిజ జీవితంలో దీంతో పనేంటి?

పాతల్యాబ్ (మంగళవారం, రాత్రి 8:30)

ఇప్పుడు నువ్వు ఊపిరి పీలుస్తున్నావుగా, అక్కడే ఉంది పని. రక్తంలో హీమోగ్లోబిన్ మధ్యన ఇనుము 2+, డి6. ఆక్సిజన్ లేనప్పుడు నాలుగు ఎలక్ట్రాన్లు ఒంటరిగా ఉంటాయి, అంటే అయస్కాంతం లాగుతుంది. ఆక్సిజన్ వచ్చి ఆరో కుర్చీలో కూర్చోగానే ఒంటరివేవీ మిగలవు, అయస్కాంతం లాగదు. 1936లో పాలింగ్, కొరియెల్ రక్తాన్ని అయస్కాంతం దగ్గర తూచి దీన్ని పట్టుకున్నారు. ఫార్ములాలో నువ్వు వేసే ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్యను అలాగే కొలుస్తారు.

అదే కుర్చీ కోసం కార్బన్ మోనాక్సైడ్ వస్తే ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దనేది అందుకే.

లైగాండ్ల బలం వరుస కూడా ఇక్కడే గుర్తుపెట్టుకో. అయోడైడ్, క్లోరైడ్ బలహీనులు, నీళ్ళు నడిమి, అమ్మోనియా గట్టిది, సయనైడ్, కార్బన్ మోనాక్సైడ్ మొండివి.

నేనింతే (మంగళవారం, రాత్రి 9:10)

అంతా బావుంది గానీ పేర్లు పెట్టేది మాత్రం నరకం. మా రోజుల్లో క్లోరో, సయనో అనేవాళ్ళం. మా అబ్బాయి క్లోరిడో, సయనిడో అంటున్నాడు. ఎవరిది తప్పు?

శీనుగాడి_కెమిస్ట్రీ (మంగళవారం, రాత్రి 9:16)

ఎవరిదీ కాదు, 2005లో ఐయూపాక్ (రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) సిఫార్సులు మారాయి. ఇప్పుడు అబ్బాయిదే రైటు. ఇంకో చిక్కు కూడా చెప్పనా, లైగాండ్‌గా ఉన్న అమ్మోనియా "ఎమ్మీన్", మామూలు సేంద్రియ రకం "ఎమీన్". ఒక్క ఒత్తు పోతే ఒక మార్కు పోతుంది.

గేటుకీపర్ (నిర్వాహకుడు) (మంగళవారం, రాత్రి 9:40)

చర్చ బావుంది. ఒక్క మాట. మైలుతుత్తం విషం. వంట గిన్నెల్లో, వంటింటి పొయ్యి మీద చేయకండి. మరీ ఎర్రగా కాలిస్తే ఘాటైన వాయువులు వస్తాయి. అమ్మోనియా ప్రయోగాలు ల్యాబ్‌లోనే చేయండి.

నిమ్మతోట_పిల్ల (శనివారం, రాత్రి 8:20)

కాలేజీ ల్యాబ్‌లోనే చేశా, లెక్చరర్ పక్కనే ఉన్నారు. పాపం, అడిగేసరికి ఆయనకీ హుషారొచ్చింది. మైలుతుత్తం ద్రావణంలో అమ్మోనియా చుక్కలు వేస్తే ముందు లేతనీలం అవక్షేపం పడింది. ఇంకా పోస్తే అది కరిగిపోయి సిరా లాంటి గాఢనీలం. నాలుగు నీళ్ళు లేచి నాలుగు అమ్మోనియాలు కూర్చున్నాయి, నెట్టుడు ఎక్కువ, ఎడం పెరిగింది, మింగే కాంతి ఎరుపు నుంచి నారింజ వైపు జరిగింది. సరిగ్గానే చెప్పానా సార్?

ఇంకో ట్యూబ్‌లో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ. ఒకే రాగి, మూడు రంగులు. ఫొటో తీసుకోనివ్వలేదు.

ఇంకో డౌట్. నాన్న బోర్డో కలిపాక చాకు ముంచి చూస్తాడు. రాగిరంగు అంటితే ఇంకా సున్నం వేస్తాడు. ఇదీ లైగాండ్ల వ్యవహారమేనా?

పాతల్యాబ్ (శనివారం, రాత్రి 9:05)

నూటికి నూరు. చాకు సంగతి మాత్రం వేరు. సున్నం చాలకపోతే నీళ్ళలో రాగి అయాన్లు విడిగా మిగులుతాయి, అవి ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని రాగిగా చాకు మీద పేరుకుంటాయి. ఆ విడి రాగే ఆకుల్ని మాడుస్తుంది. సున్నం సరిపోతే అదంతా హైడ్రాక్సైడ్ బాపతు అవక్షేపమై కూర్చుంటుంది, చాకుకి ఏమీ అంటదు. మీ నాన్న చేసేది మంచి గుణాత్మక విశ్లేషణ.

నిమ్మతోట_పిల్ల (శనివారం, రాత్రి 9:31)

చెప్పా సార్, నవ్వాడు. బస్తాలో మూడోవంతుకి పైగా నీళ్ళే, నీళ్ళకి డబ్బులు కడుతున్నాం అని కూడా చెప్పా. "ఆ నీళ్ళు తీసేసిన తెల్లపొడి అమ్మితే, తీసిన కూలి కూడా మన మీదే వేస్తారు, ఊరుకో" అన్నాడు.

పాతల్యాబ్ (శనివారం, రాత్రి 9:38)

వెయ్యడమే కాదు, వానాకాలం బస్తా మూతి విప్పి పెడితే తెల్లారేసరికి పైపొర మళ్ళీ నీలమే.